వ్యాకరణం తప్పు కాదన్నారు, మరి మొహాలెందుకు మారాయి?

ప్రశ్న: మాది రాజమండ్రి. రెండేళ్ళు కష్టపడి జపనీస్ నేర్చుకుని, ఎన్‌2 (జపనీస్ ప్రావీణ్య పరీక్షలో పైనుంచి రెండో స్థాయి) పాసై, ఆరు నెలల క్రితం నగోయాలో ఉద్యోగంలో చేరాను. నా వాక్యాల్లో వ్యాకరణం తప్పులు లేవని తోటివాళ్ళే అంటారు. అయినా ఏదో తేడా కొడుతోంది. ఖాతాదారు కంపెనీ నుంచి మా మేనేజరు కోసం ఫోనొస్తే ‘తనకా-సాన్ వ ఇమ ఇరష్షైమసెన్’ (తనకా గారు ఇప్పుడు లేరండీ) అన్నాను. పక్క సీటు ఆవిడ కంగారుగా నావైపు చూశారు. మేనేజరు చేతిలో బరువు చూసి ‘మొత్తె అగెమసు’ (నేను మోసిపెడతాను) అంటే ఆయన ఒక్క క్షణం ఆగి వద్దన్నారు. ఇంకోసారి ఆయన్ని ‘కోహీ గ నొమితై దెసు క’ (కాఫీ తాగాలని ఉందా) అని అడిగితే నవ్వి ఊరుకున్నారు. తోటి ఉద్యోగినిని శనివారం భోజనానికి పిలిస్తే ‘దొయోబి వ చొత్తొ...’ (శనివారం కొంచెం...) అని ఆగిపోయింది. మిగతా వాక్యం కోసం నేను ఎదురుచూస్తూ నిలబడ్డాను. గాలిని చదవడం (పైకి అనని సంగతిని పసిగట్టడం) నేర్చుకో అంటున్నారు. అది ఏ పుస్తకంలో దొరుకుతుంది? ఆ ఫోను చేసిన ఖాతాదారుకి ఇప్పుడు క్షమాపణ చెప్పాలా?

సమాధానం: ‘కూకి ఒ యొము’, అంటే గాలిని చదవడం అన్న మాటకి ముందు మీరు భయపడడం మానేయండి. మీరు రాసిన నాలుగు సంఘటనల్లో మూడింటికి కారణం గాలిలో లేదు, క్రియ చివర ఉంది. నాలుగోదానిలో కూడా సగం ఒక విభక్తిలాంటి ముక్కలో ఉంది. మీకు వచ్చిన వ్యాకరణం తప్పు కాదు, అది సగం వ్యాకరణం. ఎన్‌2 పరీక్షలో మాట్లాడే భాగం గానీ రాసే భాగం గానీ లేవు, ఇచ్చిన జవాబుల్లోంచి ఎంచుకోవడమే. కాబట్టి రూపాల్ని గుర్తుపట్టడం మీకు వచ్చింది. ఎదురుగా ఉన్న మనిషిని బట్టి రూపాన్ని ఎంచుకోవడం ఇప్పుడు నేర్చుకోవాలి.

మొదట మన భాషతోనే మొదలుపెడదాం. ‘రేపు వస్తాను’ అన్నా, ‘రేపు వస్తావా’ అన్నా, ‘రేపు వస్తారట’ అన్నా ఎవరి సంగతో వేరే చెప్పక్కర్లేదు. క్రియ చివరి ను, వు, రు ఆ పని చూసుకుంటాయి. జపనీస్ క్రియకి ఆ తోక లేదు. ‘కిమసు’ అంటే వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తారు, అన్నీను. అయినా జపనీస్‌లో కర్తని మనంత ధారాళంగానూ వదిలేస్తారు. మరి వినేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? ‘అషిత ఇరష్షైమసు క’ అంటే రేపు వచ్చేది మీరు, లేదా మనం గౌరవించే ఇంకొకరు. ‘అషిత మైరిమసు’ అంటే వచ్చేది నేను, లేదా నావాళ్ళు. రెండింటికీ మూలార్థం ఒకటే, రావడం. ఒకటి మనిషిని ఎత్తుతుంది, రెండోది దించుతుంది. ఎవరిని ఎత్తుతాం, ఎవరిని దించుతాం అన్నది ఖాయం కాబట్టి కర్త ఎవరో దానంతటదే తేలుతుంది. అందుకే మర్యాద రూపాల్ని వాక్యం మీద చల్లే పన్నీరు అనుకోవద్దు. మన ను, వు, రు చేసే పనిలో పెద్ద భాగం అక్కడ అవే చేస్తాయి. అవి తారుమారైతే వాక్యంలో మనుషులు తారుమారౌతారు.

మర్యాదలో రెండు దారాలున్నాయి. అవి రెండూ తెలుగులో ఉన్నవే. ‘వాడు వచ్చాడండీ’ అంటే వచ్చినవాడు చిన్నవాడు, వింటున్నవారు పెద్దవారు. ‘మాస్టారొచ్చార్రా’ అంటే వచ్చినవారు పెద్దవారు, వింటున్నవాడు స్నేహితుడు. ఎవరి గురించి మాట్లాడుతున్నామో వారి మీద గౌరవం ఒక దారం, ఎవరితో మాట్లాడుతున్నామో వారి మీద గౌరవం ఇంకొకటి. జపనీస్ ‘దెసు’, ‘మసు’ మన ‘అండీ’ లాంటివి, అవి వినేవారి కోసం. ‘ఇరష్షరు’, ‘ఒష్షరు’ మన ‘వచ్చారు’, ‘సెలవిచ్చారు’ లాంటివి, ఎవరి గురించి చెబుతున్నామో వారి కోసం. ‘ఒతోతొ గ కిమషిత’ (మా తమ్ముడొచ్చాడండీ), ‘సెన్సే గ ఇరష్షత్త యొ’ (మాస్టారొచ్చార్రా). రెండు భాషల్లో లెక్క ఒకటే.

ఇక్కడ మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. ‘రేపు వస్తారని అనుకుంటున్నాను’ అనడానికి ‘కిమసు తొ ఒమొయిమసు’ అంటారు. లోపలి క్రియని ‘కురు’ అని పొట్టిగా వదిలేస్తే మేనేజరుగారిని ‘వస్తాడు’ అన్నట్టు ఉంటుందేమోనని భయం. కానీ ‘మసు’ వినేవారి కోసం కదా, అది వాక్యం చివర ఒకసారి వస్తే చాలు. ‘కురు తొ ఒమొయిమసు’ అన్నదే సరైన వాక్యం. మేనేజరు మీద గౌరవం చూపాలంటే మార్చాల్సింది మొదటి దారం: ‘ఇరష్షరు తొ ఒమొయిమసు’.

ఇక మనకి లేని సంగతికి వద్దాం. మీ ఫోను తప్పు అక్కడే ఉంది. తెలుగులో ‘గారు’ మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది. మా మేనేజరుగారు నా ముందైనా, బయటివాళ్ళ ముందైనా, ఊళ్ళో మా అమ్మ ముందైనా మేనేజరుగారే. ‘తనకా గారు లేరండీ’ అన్న తెలుగు వాక్యాన్ని మీరు అచ్చంగా జపనీస్‌లోకి దించారు. జపనీస్‌లో గౌరవం మనిషికి అంటుకుని ఉండదు, వినేవారిని బట్టి అటూ ఇటూ కదులుతుంది. ‘ఉచి’ అంటే మనవైపు, ‘సొతొ’ అంటే బయటివైపు. బయటివారితో మాట్లాడేటప్పుడు మనవైపువాళ్ళందరూ, కంపెనీ అధ్యక్షుడితో సహా, మీతోపాటు కిందకి దిగుతారు. మీ మాట ఖాతాదారు చెవికి ‘మా వారు మీకన్నా ఘనులు’ అన్నట్టు వినపడింది. సరైన వాక్యం ఇది: ‘తనకా వ తదైమ సెకి ఒ హజుషితె ఒరిమసు’ (తనకా ప్రస్తుతం సీటులో లేరు). ‘సాన్’ లేదు, ‘ఇరష్షరు’ లేదు. ఉన్నది దించే క్రియ ‘ఒరు’.

హోదా పెట్టే చోటు కూడా చూడండి. పేరు తర్వాత హోదా వస్తే, ‘తనకా-కచో’ (కచో అంటే సెక్షన్ అధిపతి), అది గౌరవం. అందుకే బయటివారితో అలా అనకూడదు. హోదా ముందుకొచ్చి మధ్యలో ‘నొ’ చేరితే, ‘కచో నొ తనకా’, అది ఉద్యోగం పేరు మాత్రమే, నిరభ్యంతరంగా అనొచ్చు. అవే రెండు మాటలు, వరస మారింది, అర్థం మారింది. ఇంకో మెలిక: అదే తనకాగారి భార్య ఫోను చేసిందనుకోండి. ఆయన విషయంలో ఆవిడ మీకంటే దగ్గరి మనిషి. ఆవిడతో మాట్లాడేటప్పుడు ఆయన మీవైపు కాదు, ఆవిడవైపు. అప్పుడు ‘కచో వ ఇమ సెకి ఒ హజుషితె ఇరష్షైమసు’ అనాలి. ఒకే మనిషి, ఒకే ఖాళీ కుర్చీ. గీత ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి క్రియ మారింది.

ఇంటి మనుషులకీ ఇదే లెక్క. తండ్రిని ‘మా నాన్నగారు’ అని బయటివాళ్ళతో అనడం మనకి సంస్కారం. జపనీస్‌లో ఇంట్లో పిలిచేటప్పుడు ‘ఒతోసాన్’, బయటివారితో చెప్పేటప్పుడు ‘చిచి’. ఉద్యోగం చేసే మనిషి బయటివాళ్ళతో తన తండ్రిని ‘ఒతోసాన్’ అంటే చిన్నపిల్లల మాటలా ఉంటుంది. తల్లి ‘హహ’. మొదట్లో మన నోరు రాదు, ఏదో అపచారం చేసినట్టుంటుంది. ఇందులో తండ్రికి తగ్గేదేమీ లేదని గుర్తుంచుకోండి. మీరూ ఆయనా ఒకే ఇంటివాళ్ళని చెప్పడం అది. ఈ విషయంలో తెలుగువాళ్ళకి ఒక బలముంది, దాన్ని వాడుకోండి. మనకి ‘మన’ వేరు, ‘మా’ వేరు. వింటున్నవారిని కలుపుకుంటే మన, పక్కన పెడితే మా. ఫోనెత్తిన క్షణంలో ‘ఇప్పుడు తెలుగులో అయితే మా మేనేజరు అంటానా, మన మేనేజరు అంటానా’ అని మిమ్మల్ని మీరే అడగండి. ‘మా’ అని వస్తే దించాలి. ‘మన’ అని వస్తే, అంటే పక్కసీటు ఆవిడతో మాట్లాడుతుంటే, ఎత్తాలి. కంపెనీల పేర్లకీ ఇంతే: మా కంపెనీ ‘హేష’, మీ కంపెనీ మాటల్లో ‘ఒన్‌ష’, ఉత్తరంలో ‘కిష’.

2007లో జపాన్ ప్రభుత్వ సాంస్కృతిక సలహా మండలి ‘కేగొ నొ షిషిన్’ అని మర్యాద భాషకు మార్గదర్శి ఇచ్చింది. అంతకుముందు మామూలుగా మూడు రకాలుగా చెప్పే మర్యాదని అది ఐదుగా విడదీసింది. మిగతా వర్గాల సంగతి మెల్లగా చూసుకోవచ్చు. దించే రూపాల్ని రెండుగా చీల్చడం మాత్రం మీకు వెంటనే పనికొస్తుంది. ‘ఉకగైమసు’, ‘మైరిమసు’ రెండూ ‘నేను వస్తాను/వెళ్తాను’ అన్నదానికి వినయ రూపాలే. అయితే ‘ఉకగౌ’ నేను ఎవరి దగ్గరికి వెళ్తున్నానో వారిని ఎత్తుతుంది. ‘మైరు’ వింటున్నవారికి మాత్రం వంగుతుంది. కాబట్టి ‘సెన్సే నొ తొకొరొ ని ఉకగైమసు’ (మాస్టారి దగ్గరికి వెళ్తాను) బాగుంటుంది. ‘ఒతోతొ నొ తొకొరొ ని ఉకగైమసు’ అంటే మన తమ్ముడిని మనమే గద్దెనెక్కించినట్టు. అక్కడ ‘మైరిమసు’ అనాలి. ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే సూక్ష్మం అనుకోకండి, రేపే ఫోనులో తగులుతుంది. ‘తనకాకి చెబుతాను’ అనడానికి ‘తనకా ని ఒత్సుతయె షిమసు’ అంటే చెప్పించుకునే తనకాని ఎత్తినట్టు. అందుకే కంపెనీల్లో ‘తనకా ని మోషిత్సుతయెమసు’ అని నేర్పుతారు. అది వింటున్న ఖాతాదారుకి వంగే రూపం.

ఇక ‘మొత్తె అగెమసు’. తెలుగు ‘ఇవ్వు’కి దిక్కు లేదు: నాకు ఇచ్చాడు, వాడికి ఇచ్చాను. జపనీస్‌లో నావైపు వచ్చేది ‘కురెరు’, నానుంచి అవతలికి పోయేది ‘అగెరు’. పుచ్చుకున్నవారిని కర్తగా పెడితే ‘మొరౌ’. ‘హొన్ ఒ కషితె కురెమషిత’ అంటే ఎవరో నాకు పుస్తకం అరువిచ్చారు. ‘కషితె అగెమషిత’ అంటే నేను ఎవరికో ఇచ్చాను. నేను, నాకు అన్న మాటలు ఎక్కడా లేవు, అయినా అయోమయం లేదు. ఇక్కడ కూడా క్రియే మనుషుల్ని చూపిస్తోంది. మా చెల్లికి ఎవరైనా ఇచ్చినా ‘కురెరు’ అనే అంటారు, చెల్లి నావైపు మనిషి కాబట్టి.

మనకి దీనికి దగ్గరి బంధువు ‘పెట్టు’. ‘ఈ ఫారం కాస్త నింపి పెట్టండి’, ‘మా అబ్బాయికి ఒక మాట చెప్పి పెట్టండి’ అంటాం కదా, ఎవరికోసమో చేసే మేలు అందులో ఉంది. ‘-తె అగెరు’లోనూ మేలే ఉంది. చిక్కేమిటంటే, ఆ మేలు నేను నీకు చేస్తున్నానని అది పైకే చెబుతుంది. స్నేహితుడితో, చిన్నపిల్లలతో బాగానే ఉంటుంది. పై అధికారితో అంటే ఉపకారాన్ని ఖాతాలో రాసి చూపించినట్టుంటుంది. మీ మేనేజరు ఆగిపోయింది అందుకే. అనాల్సింది ‘ఒమొచి షిమషో క’ (నేను పట్టుకోనా). ‘ఒ’, మధ్యలో ‘మసు’ తీసేసిన క్రియ, ఆ తర్వాత ‘షిమసు’: ఇది నా పనిని దించి, ఎవరికోసం చేస్తున్నానో వారిని ఎత్తే అచ్చు. దీన్ని ప్రతి క్రియకీ తగిలించకండి. నేను తినడం, నేను నిద్రపోవడం ఎవరినీ తాకే పనులు కావు కాబట్టి వాటికి ఇది అతకదు.

తిరగేసిన తప్పు కూడా ఉంది. అది ఇంకా కనపడకుండా జరుగుతుంది. సుజుకి అనే సహోద్యోగి మీకు పని నేర్పితే ‘సుజుకి-సాన్ గ ఒషియెమషిత’ అని చెబుతారు. వ్యాకరణం శుభ్రంగా ఉంది. కానీ వినేవారికి ఆ నేర్పడంతో మీకు సంబంధమే లేనట్టు, మేలు మరిచిపోయినట్టు వినపడుతుంది. ‘ఒషియెతె కురెమషిత’ అనాలి. పై వారైతే ‘ఒషియెతె కుదసైమషిత’, లేదా మిమ్మల్ని కర్తగా పెట్టి ‘కచో ని ఒషియెతె ఇతదకిమషిత’. మనం ధన్యవాదం విడిగా చెబుతాం. వాళ్ళు దాన్ని క్రియలోనే కట్టేస్తారు. అది లేకపోతే లోటు తెలుస్తుంది.

దిక్కు తప్పితే ఏమౌతుందో రెండు వాక్యాల్లో చూడండి. ‘షషిన్ ఒ తొత్తె ఇతదకెమసు క’ అంటే దయచేసి ఫొటో తీసిపెడతారా అని. ‘షషిన్ ఒ తొరసెతె ఇతదకెమసు క’ అంటే నేను ఫొటో తీసుకోవచ్చా అని. మొదటిదానిలో కెమెరా వారి చేతికిస్తున్నారు, రెండోదానిలో మీ చేతిలోనే ఉంది. ‘సె’ ఒక్క అక్షరం కాదు, ఎవరు ఆ పని చేస్తారన్నది మొత్తం అందులో ఉంది. అలాగే ఖాతాదారుని కాసేపు ఆగమనడానికి కొందరు ‘ఒమచి షితె కుదసై’ అంటారు. ‘ఒ... సురు’ (‘షిమసు’కి మూలరూపం ‘సురు’) నన్ను దించే అచ్చు అని ఇప్పుడే చూశాం. దాన్ని ఖాతాదారు పని మీద పెడితే ఖాతాదారుని దించినట్టు. ‘షితె’ తీసేయండి: ‘షోషో ఒమచి కుదసై’. కాగితం చూపిస్తూ ‘హైకెన్ షితె కుదసై’ అనడం కూడా ఇదే జాతి. ‘గొరన్ కుదసై’ అనాలి.

మూడోది కాఫీ. ‘నొమితై దెసు క’లో అక్షరం తప్పు లేదు. కానీ ‘-తై’ కోరికని చెబుతుంది. కోరిక, ఆకలి, ఒంటరితనం, భయం వంటివి జపనీస్‌లో ఆ మనిషి సొంత ఆవరణ. బయటినుంచి నేరుగా చెప్పడం, పై వారినైతే నేరుగా అడగడం, గుమ్మం దాటి లోపలికి వెళ్ళినట్టు. మనం ‘ఆయనకి ఆకలిగా ఉంది’ అని ఎవరి గురించైనా నిశ్చింతగా అనేస్తాం. జపనీస్‌లో ‘సబిషీ దెసు’ అని నా గురించే అనగలను. ఇంకొకరి గురించైతే ‘సబిషిసో దెసు’ (ఒంటరిగా ఉన్నట్టు కనిపిస్తున్నారు), లేదా ‘సబిషీ తొ ఇత్తె ఇమసు’ (అలా అంటున్నారు) అని ఆధారం చూపాలి. ఇది వ్యాకరణ నియమమే, మర్యాద ఆ తర్వాత. ‘-తగరు’ అనే రూపం కూడా పుస్తకాల్లో నేర్పుతారు. దాన్ని పై వారికి వాడకండి, ఆ మనిషి కోరికని పైకి ప్రదర్శిస్తున్నాడన్న ఛాయ అందులో ఉంది. మేనేజరు వెళ్ళాలనుకుంటున్నారని చెప్పాలంటే ‘ఇకితై తొ ఒష్షత్తె ఇమసు’. కాఫీ సంగతికి ‘కోహీ వ ఇకగ దెసు క’ (కాఫీ తీసుకుంటారా). కోరిక అడగడం లేదు, కాఫీని ముందు పెడుతున్నారు.

అదే ఆవరణలోకి వచ్చే ఇంకో రెండు మాటలు. పై వారి వివరణ బాగుంటే ‘జోజు దెసు నె’ (బాగా చేస్తారే) అనకండి, మార్కులు వేసినట్టుంటుంది. మీకు కలిగిన లాభం చెప్పండి: ‘తైహెన్ బెన్‌క్యో ని నరిమషిత’ (చాలా నేర్చుకున్నాను). మీరు వివరించాక పై వారిని ‘వకరిమషిత క’ (అర్థమైందా) అని అడగకండి, వారి తెలివిని పరీక్షించినట్టుంటుంది. ‘యొరొషీ దెషో క’ (సరేనండీ?) చాలు.

శనివారం భోజనం దగ్గర మీరు వాక్యం పూర్తికాలేదనుకున్నారు. అది పూర్తయింది. ‘చొత్తొ’ అంటే కొంచెం. ‘కొంచెం ఇబ్బంది’లో ఇబ్బంది అన్న మాటని నోట రానివ్వకుండా ఆపేయడమే ఆ నిరాకరణ. మన ‘చూద్దాంలెండి’కి ఇది చుట్టం. ఆవిడ ఆగగానే మీరు ‘సో దెసు క, జా, మత కొందొ’ (అలాగా, అయితే ఇంకోసారి) అంటే ఇద్దరికీ తేలిక. ఎందుకు అని అడిగితే ఆవిడ మింగిన మాటని బలవంతంగా బయటికి లాగినట్టు. ఇక ‘దొయోబి వ’లో ఉన్న ‘వ’ని గమనించండి. అది శనివారాన్ని మిగతా రోజులనుంచి విడదీస్తోంది: శనివారమైతే కుదరదు. ఆవిడ తనంతట తాను ఇంకో రోజు పేరు చెబితే నిజంగా రావాలనుకుంటోందని తీసుకోవచ్చు. చెప్పకపోతే మీరు వెంటపడకండి.

ఆ ‘వ’ ఎంత పదునైనదో తెలియక చాలామంది చెయ్యి కోసుకుంటారు. ‘క్యో వ కిరే దెసు నె’ అని మెచ్చుకోలుగా అంటారు. వినేవారికి ‘ఇవాళైతే అందంగా ఉన్నారు’ అని తగులుతుంది, మిగతా రోజుల మాటేమిటి? ‘జి వ కిరే దెసు నె’ అంటే చేతిరాత మటుకు బాగుంది. మెచ్చుకునేటప్పుడు ‘వ’ని తీసేసి ‘కిరే దెసు నె’ అంటే సరిపోతుంది, చేతిరాతకైతే ‘జి గ కిరే దెసు నె’.

వాక్యం చివరి ముక్కలు కూడా చిన్నవి కావు. ‘నె’ మన ‘కదా’. ఎవరైనా ‘అత్సుయి దెసు నె’ (ఎండగా ఉంది కదండీ) అంటే ‘హై, అత్సుయి దెసు’ అని సమాచారం ఇవ్వకండి. ‘సో దెసు నె’, ‘హొన్‌తో ని అత్సుయి దెసు నె’ అంటూ కలవండి. ‘యొ’ నాకు తెలిసినది నీకు చెబుతున్నానన్నట్టు. పై వారితో ‘చిగైమసు యొ’ అంటే మొహం మీద కాదన్నట్టే. ఆలస్యమైనప్పుడు ‘దెన్‌ష గ తొమత్త కర’ (రైలు ఆగిపోయింది కాబట్టి) అంటే వాదనలా ఉంటుంది. ‘దెన్‌ష గ తొమత్తె షిమత్తె...’ అని చివర వదిలేసి, ‘మోషివకె గొజైమసెన్’ (క్షమించండి) అనండి. ‘షిమత్తె’లో అలా జరిగిపోయిందన్న బాధ ఉంది.

ఒక విభక్తి ఎంత దూరం తీసుకెళ్తుందో చూపించే జంట ఒకటి. ‘సెన్సే గ కొరరెమషిత’ అంటే మాస్టారు విచ్చేశారు. ‘సెన్సే ని కొరరెమషిత’ అంటే మాస్టారు వచ్చి పడ్డారు, నాకు ఇబ్బందైంది. క్రియ ఒక్కటే, ‘కొరరెరు’. ‘గ’తో అది గౌరవం, ‘ని’తో అది బాధ చెప్పే కర్మణి. ‘అమె ని ఫురరెమషిత’ (వాన పడి ఇబ్బంది పడ్డాను) అనేదీ ఇదే అచ్చు. మనకి కర్మణి ‘బడు’తో వస్తుంది, పుస్తకాల భాషలోనే ఎక్కువ, పైగా ‘వాన కురవబడింది’ అనం. జపనీస్‌లో ఎవరి చర్య వల్ల నేను నష్టపోయానో చెప్పడానికి అది రోజువారీ పనిముట్టు. అందుకే గౌరవానికి ‘రరెరు’ వాడుతున్నప్పుడు ‘గ’, ‘ని’ మీద ఒక కన్నేసి ఉంచండి.

ఆఫీసు పలకరింపుల్లో రెండు గుర్తుంచుకుంటే చాలు. ‘గొకురోసమ’ (శ్రమపడ్డారు) పై వారు కింది వారితో అనే మాట, మీరు అందరితోనూ ‘ఒత్సుకరెసమ దెసు’ అనండి. పని ఒప్పుకునేటప్పుడు ‘ర్యోకై షిమషిత’ (సరే, అర్థమైంది)కి బదులు మేనేజరుతో, ఖాతాదారులతో ‘షోచి షిమషిత’. ‘అనత’ అన్న మాట నిఘంటువులో ‘మీరు’ అనే ఉంటుంది గానీ పేరు తెలిసిన మనిషితో వాడకండి, పేరుకి ‘సాన్’ చేర్చండి. దుకాణాల్లో సంచీ కావాలా అని అడుగుతారు. 2020 జులై నుంచి ప్లాస్టిక్ సంచీకి డబ్బు తీసుకుంటున్నారు కాబట్టి ఈ ప్రశ్న రోజూ వస్తుంది. అక్కడ ‘దైజోబు దెసు’ (ఫరవాలేదు) అంటే వద్దని అర్థం. కావాలంటే ‘హై, ఒనెగై షిమసు’.

ఇక సాధన. ముందు ఫోను పక్కన ఒక కార్డు మీద ఈ నాలుగు వాక్యాలు రాసి పెట్టుకోండి, నోటికొచ్చేదాకా చదవండి.

‘ఒసెవ ని నత్తె ఒరిమసు’ (ఎత్తగానే పలకరింపు).
‘మోషివకె గొజైమసెన్, తనకా వ తదైమ సెకి ఒ హజుషితె ఒరిమసు’.
‘మొదొరిమషితర, ఒరికయెషి ఒదెన్‌వ ఇతషిమసు’ (రాగానే తిరిగి ఫోను చేస్తాం).
‘తనకా ని మోషిత్సుతయెమసు’.

రెండో వారం నుంచి క్రియల జంటలు. ముందు ఎత్తేది, తర్వాత దించేది: చూడడానికి ‘గొరన్ ని నరు’, ‘హైకెన్ సురు’. తినడానికి ‘మెషిఅగరు’, ‘ఇతదకు’. చెప్పడానికి ‘ఒష్షరు’, ‘మోసు’. చేయడానికి ‘నసరు’, ‘ఇతసు’. ఉండడానికి ‘ఇరష్షరు’, ‘ఒరు’. రావడం, వెళ్ళడం రెండింటికీ ‘ఇరష్షరు’, ‘మైరు’. తెలిసి ఉండడానికి ‘గొజొన్‌జి దెసు’, ‘జొన్‌జితె ఒరిమసు’. రోజుకి ఒక జంట, వాక్యంలో పెట్టి. విడిగా బట్టీ పడితే ఫోను మోగగానే ఎత్తేది దించేది కలిసిపోతాయి.

దీనితోపాటు ఒక నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీసుకోండి: ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఎవరి గురించి, క్రియ చివర ఏముంది. రోజూ ఆఫీసులో విన్న మూడు వాక్యాలు అందులో రాయండి, మూడు చాలు. పక్కసీటు ఆవిడ ఒకే మేనేజరు గురించి మీతో ఒకలా, ఫోనులో ఇంకోలా మాట్లాడడం వారం తిరక్కుండా మీ గళ్ళలో కనిపిస్తుంది. ఆవిడ ఖాతాదారులకి పంపే మెయిళ్ళలో మీకూ కాపీ వచ్చినవి ఒక పది తీసి, క్రియల చివర్ల కింద గీతలు గీయండి. మీ కంపెనీలో నడిచే మర్యాద ఏ మట్టంలో ఉందో ఏ పాఠ్యపుస్తకం కంటే అవే బాగా చెబుతాయి.

అనుమానం వచ్చిన చోట పెద్ద రూపాల జోలికి పోకుండా శుభ్రమైన ‘దెసు’, ‘మసు’ వాడండి. విదేశీ ఉద్యోగి అలా మాట్లాడితే నొచ్చుకునేవాళ్ళు అరుదు. ఖాతాదారుని దించి, మనవాళ్ళని ఎత్తితేనే చెవికి గుచ్చుకుంటుంది.

ఇక ఖాతాదారుకి క్షమాపణ సంగతి. దానికోసమే ఫోను చేయకండి. ఒక క్రియ కోసం ప్రత్యేకంగా పలకరిస్తే ఆయన మీకు సర్దిచెప్పాల్సి వస్తుంది, అది ఆయన మీద ఇంకో బరువు. మళ్ళీ ఆయన గొంతు వినపడినప్పుడు ‘సెన్‌జిత్సు వ షిత్సురే ఇతషిమషిత’ (మొన్న పొరపాటైంది) అని ఒక్క వాక్యం అని, ఆగకుండా, సాన్ లేకుండా, తనకా ఉన్నాడో లేడో చెప్పండి.